చిన్న యూనివర్సిటీ ఏడాది నివేదికలో ఏం చూడాలి?

[తెర మీద: ఎర్ర ఇటుకల పాత భవనాలు, మధ్యలో పచ్చిక, మనుషులు లేని దారి]

2015 మార్చి 3. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం. స్వీట్ బ్రయర్ అనే చిన్న మహిళా కాలేజీ. 1901లో పుట్టిన సంస్థ. ఆ రోజు అధ్యాపకులనూ విద్యార్థినులనూ పిలిచి యాజమాన్యం ఒక మాట చెప్పింది: వచ్చే ఆగస్టులో కాలేజీ మూసేస్తున్నాం.

అప్పటికి ఆ కాలేజీ మూలనిధిలో 8 కోట్ల డాలర్లకు పైగా డబ్బుంది. 3,000 ఎకరాల పైచిలుకు భూమి ఉంది. చదువులో మంచి పేరుంది. ఇంత పెట్టుకుని మూసేయడం ఏమిటి?

దీనికి జవాబు అర్థమైతే ఏ చిన్న యూనివర్సిటీ ఏడాది నివేదికైనా మీరు చదవగలరు. అలాంటి నివేదికలు మీకూ వస్తూనే ఉంటాయి, మీరు చదువుకున్న చోటు నుంచో, మీ పిల్లలు చదువుతున్న చోటు నుంచో. నిగనిగలాడే కాగితం, నవ్వు ముఖాల ఫొటోలు, ‘ఈ ఏడాది మన ప్రగతి’, ‘మన ప్రాధాన్యాలు’, ‘మీ సహకారం’ అని శీర్షికలు. చాలామంది ఫొటోలు చూసి పక్కన పడేస్తారు. దయచేసి అలా పడేయొద్దు. చిన్న సంస్థ కష్టంలో పడబోతోందంటే ఆ సంగతి ముందుగా తెలియాల్సింది దాన్ని ప్రేమించేవాళ్లకే. ఆ జాడలు కనిపించేది కూడా ఆ కాగితాల్లోనే.

[తెర మీద: ఖాళీ తరగతి గది, బెంచీలు ఒక్కొక్కటిగా నిండుతాయి]

ముందు ప్రగతి పేజీ. అక్కడ పెద్ద అక్షరాల్లో ఉండేది కొత్తగా చేరినవాళ్ల సంఖ్య. నేనైతే దాన్ని దాటేసి ఇంకో అంకె కోసం వెతుకుతాను. పోయినేడు చేరినవాళ్లలో ఎంతమంది రెండో ఏడాదికి తిరిగొచ్చారు?

ఎందుకో లెక్క వేసి చూద్దాం. నాలుగేళ్ల కోర్సు. ఏటా 200 మంది చేరుతున్నారు అనుకోండి. ఏడాది మారేటప్పుడల్లా 100కి 90 మంది నిలబడితే క్యాంపస్‌లో మొత్తం 688 మంది ఉంటారు. 100కి 80 మందే నిలబడితే 590 మంది. చేరేవాళ్ల సంఖ్యలో తేడా ఏమీ లేదు. అయినా దాదాపు 100 మంది మాయం, అంటే ఒక బ్యాచ్‌లో సగం.

పెద్ద యూనివర్సిటీకి 100 మంది తగ్గితే పెద్దగా తెలియకపోవచ్చు. 600 మంది ఉన్నచోట 100 మంది తగ్గితే రెండు డిపార్ట్‌మెంట్ల జీతాలు ఆగిపోవచ్చు. అందుకే చిన్నచోట ఒక్కో విద్యార్థి ఎందుకు వెళ్లిపోయాడో అడిగి తెలుసుకోవాలి. ఇంట్లో డబ్బు ఇబ్బందా? మొదటి సెమిస్టర్ లెక్కల్లో తప్పాడా? ఒంటరిగా అనిపించిందా? ‘మా దగ్గర ఇంతమంది ఆగిపోయారు, కారణాలు ఇవి, ఈ ఏడాది ఇలా సరిచేశాం’ అని రాసే నివేదికను నేను ఎంతో గౌరవిస్తాను. అలా రాయడానికి ధైర్యం కావాలి.

[తెర మీద: ఒక బిల్లు. మొత్తం కొట్టేసి, పక్కన చిన్న మొత్తం]

ఇప్పుడు డబ్బు. ఇక్కడ చాలామంది పొరపాటు పడేది ఫీజుల దగ్గరే. ప్రకటించిన ఫీజు వేరు, నిజంగా చేతికొచ్చేది వేరు. అమెరికాలోని ప్రైవేటు కాలేజీల్లో మొదటి ఏడాది విద్యార్థులకు ఇచ్చే రాయితీ సగటున ఫీజులో సగం దాటిపోయింది. బోర్డు మీద 100 అని ఉంటే చేతికొచ్చేది 50 కూడా లేదు. కాబట్టి ‘విద్యార్థుల సంఖ్య పెరిగింది’ అని రాసి ఉన్నా, రాయితీలు పోను మిగిలింది పెరిగిందా తగ్గిందా చూడాలి. రాయితీ పెంచుకుంటూ పోయి బెంచీలు నింపొచ్చు. ఆ బెంచీల ముందు నిలబడే అధ్యాపకులకు జీతం ఎక్కడి నుంచి వస్తుంది?

తర్వాత మూలనిధి. దాతలు ఇచ్చిన పెద్ద మొత్తాలను పెట్టుబడిగా పెట్టి, అసలు జోలికి పోకుండా, దాని మీద వచ్చేది వాడుకునే ఏర్పాటు ఇది. మామూలుగా ఏడాదికి 4 నుంచి 5 శాతం తీసుకుంటారు. స్వీట్ బ్రయర్ సంగతి ఇప్పుడు చూడండి. 8 కోట్ల డాలర్ల మీద 5 శాతం అంటే 40 లక్షలు. ఒక కాలేజీని ఏడాదంతా నడపడానికి అది చాలదు. పైగా ఆ నిధిలో చాలా భాగం దాతలు షరతులు పెట్టి ఇచ్చింది. ఫలానా స్కాలర్‌షిప్‌కని ఇచ్చిన డబ్బుతో కరెంటు బిల్లు కట్టకూడదు. డబ్బుండీ చేతులు కట్టేసినట్టు ఉంటుందన్నమాట.

అందుకే నివేదికలో మూలనిధి మొత్తం ఒక్కటే కనిపిస్తే సరిపోదు. అందులో షరతుల్లేని భాగం ఎంత, ఈ ఏడాది ఎంత శాతం తీశారు అని అడగండి. 5 శాతం తీసుకునే చోట 8, 9 శాతం తీస్తుంటే విత్తనాల గింజలు వండుకుని తింటున్నట్టే.

[తెర మీద: పూర్వ విద్యార్థినులు ఫోన్ల దగ్గర, ల్యాప్‌టాప్‌ల ముందు]

మరి ఆ కాలేజీ మూతపడిందా? లేదు. ప్రకటన వచ్చాక పూర్వ విద్యార్థినులు ఊరుకోలేదు. ఒక సంస్థ పెట్టారు, విరాళాల హామీలు పోగుచేశారు. మూసివేతను ఆపాలని కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రభుత్వ న్యాయవాది కోర్టుకెళ్లారు. జూన్‌లో రాజీ కుదిరింది. పూర్వ విద్యార్థినులు 1.2 కోట్ల డాలర్లు తెస్తామన్నారు. మూలనిధిలో మరో 1.6 కోట్లపై ఉన్న షరతులు సడలించడానికి రాష్ట్ర అటార్నీ జనరల్ ఒప్పుకున్నారు. కాలేజీ తలుపులు తెరిచే ఉన్నాయి.

నాకు బాగా నచ్చిన భాగం మాత్రం ఆ తర్వాతిది. 2017లో ఆ కాలేజీ ఫీజు పట్టికనే మార్చేసింది. చదువు, వసతి, భోజనం కలిపి 50,000 డాలర్లుగా ఉన్నదాన్ని 34,000 డాలర్లకు దించింది. పెద్ద అంకె రాసి లోపల రాయితీ ఇచ్చే పద్ధతికి బదులు, కట్టేదానికి దగ్గరగా ఉన్న అంకెనే బయట పెట్టింది. చదువు చెప్పే పద్ధతిని, ఏడాది క్యాలెండర్‌ను కూడా తిరగరాసుకుంది. ప్రాధాన్యం అనే మాటకు ఇదీ అర్థం.

ప్రాధాన్యాల పేజీ గురించి ఎక్కువ చెప్పను. పన్నెండు ప్రాధాన్యాలున్న జాబితా కనిపిస్తే నాకు టెన్షన్ వస్తుంది. అన్నీ ముఖ్యమే అంటే వచ్చిన మొదటి రూపాయి దేనికి పెట్టాలో తేల్చుకోలేదని అర్థం. రెండో మూడో రాసి, ‘వీటి కోసం ఈ ఏడాది ఫలానా పని ఆపాం’ అని చెబితే నమ్మొచ్చు.

[తెర మీద: నార్త్ కరోలినా మ్యాప్, గ్రీన్స్‌బరో మీద గుర్తు]

ఇక సహకారం. దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే మన మనసు ఎక్కువ కదులుతుంది, లెక్క ఎక్కువ తప్పుతుంది.

నార్త్ కరోలినాలో బెన్నెట్ కాలేజీ. 1873లో మొదలైంది, నల్లజాతి మహిళల చదువు కోసం నిలబడిన సంస్థ. 2018 డిసెంబరులో దాని అక్రిడిటేషన్‌ను, అంటే కాలేజీగా దానికున్న గుర్తింపును, రద్దు చేయాలని గుర్తింపు సంస్థ నిర్ణయించింది. కారణం చదువులో లోపం కాదు, ఆర్థిక పునాది గట్టిగా లేదని. అప్పీలు విచారణకు ముందే 50 లక్షల డాలర్లు పోగు చేయాలని కాలేజీ లక్ష్యం పెట్టుకుంది. ఫిబ్రవరి మొదటి వారానికి 82 లక్షలు వచ్చాయి! దగ్గర్లోని మరో యూనివర్సిటీ, హై పాయింట్, తన వంతుగా 10 లక్షలు ఇచ్చింది. పోటీలో ఉండే సంస్థ చెయ్యి అందించడం ఎంత గొప్ప విషయమో ఆలోచించండి.

అయినా అప్పీలు నెగ్గలేదు. కాలేజీ కోర్టుకెళ్లి గడువు తెచ్చుకుంది, తర్వాత వేరే గుర్తింపు సంస్థ దగ్గరికి వెళ్లింది.

దాతలు అంత ప్రేమ చూపించాక కూడా ఎందుకిలా? గుర్తింపు సంస్థ చూసేది ‘ఈ సంస్థ వచ్చే ఏడాది, ఆపై ఏడాది కూడా నడవగలదా’ అని. ఒక్కసారి ఉప్పెనలా వచ్చిన విరాళం ఈ ఏడాది గుంత పూడుస్తుంది. గుంత ఏటా పడుతుంటే ఏటా పూడ్చేది ఉండాలి. అందుకే సహకారం పేజీలో మొత్తం ఎంత వచ్చిందన్న దానికంటే, పోయినేడు ఇచ్చినవాళ్లలో ఎంతమంది ఈ ఏడాదీ ఇచ్చారన్నది నాకు ముఖ్యం. ఒక్కరే పెద్ద మొత్తం ఇచ్చిన ఏడాది కంటే, వెయ్యిమంది చిన్నచిన్న మొత్తాలు మళ్లీ మళ్లీ ఇచ్చే ఏడాది మేలు. ఆ ఒక్కరి మనసు మారితే ఏం చేస్తారు?

[తెర మీద: ఫుట్‌బాల్ మైదానం, గోల్ స్తంభాల మధ్య కూరగాయల మళ్లు]

సహకారం అనగానే డబ్బే గుర్తొస్తుంది. కానీ ఇది రెండువైపుల నుంచీ నడిచే దారి. డాలస్‌లో పాల్ క్విన్ అనే చిన్న కాలేజీ ఉంది. ఆ చుట్టుపక్కల తాజా కూరగాయలు దొరకడమే కష్టం. కాలేజీ తన ఫుట్‌బాల్ జట్టును 2007లో ఆపేసింది. 2010లో ఆ మైదానాన్ని పొలంగా మార్చింది. పంటలో కొంత భాగం చుట్టుపక్కలవాళ్లకు విరాళంగా వెళ్తుంది. విద్యార్థులు అక్కడే పని నేర్చుకుంటారు. అమెరికాలో ఫుట్‌బాల్ మైదానాన్ని దున్నడమంటే చిన్న నిర్ణయమా! ఇందాక చెప్పానే, ఏది ఆపామో చెప్పాలని, ఇదీ దానికి ఉదాహరణే.

కాబట్టి సహకారం పేజీలో చుట్టూ ఉన్నవాళ్ల కోసం యూనివర్సిటీ ఏం చేసిందో కూడా ఉండాలి. లైబ్రరీ బయటివాళ్లకు తెరిచారా? పక్క స్కూలు పిల్లలకు పాఠాలు చెప్పారా? ఇవి రాసి లేకపోతే, అడిగి రాయించండి.

[తెర మీద: చేతిపనులు చేస్తున్న విద్యార్థులు]

ఇంకొక్క చోటు చూపించి ముగిస్తాను. కెంటకీలో బెరియా కాలేజీ, 1855లో పుట్టింది. 1892 నుంచి విద్యార్థుల దగ్గర ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు. ప్రతి విద్యార్థీ వారానికి కనీసం 10 గంటలు క్యాంపస్‌లో పనిచేస్తాడు. ఇది ఎలా సాధ్యమైంది? 1920లో బోర్డు ఒక తీర్మానం చేసింది. ఎవరైనా వీలునామాలో షరతుల్లేకుండా రాసిచ్చే డబ్బును ఖర్చు పెట్టకుండా మూలనిధిలో కలపాలని. వాడుకోవడానికి అడ్డే లేని డబ్బును కూడా ముట్టుకోలేదు. ఇప్పుడు ఆ నిధి 100 కోట్ల డాలర్లు దాటింది.

ఆ తీర్మానం చేసిన ఏడాది నివేదికలో అది ఒక్క వాక్యంగా ఉండి ఉండొచ్చు, ఫొటో కూడా లేకుండా.

[తెర మీద: పక్కపక్కనే రెండు నివేదికలు]

మీ చేతికి ఈసారి నివేదిక వచ్చినప్పుడు పోయినేటిది కూడా వెతికి తీయండి. రెండూ పక్కపక్కన పెట్టండి. పోయినేడు ‘చేస్తాం’ అన్న ప్రతి పని కిందా పెన్సిల్‌తో గీత గీయండి. తర్వాత ఈ ఏడాది కాగితంలో వెతకండి. చేశారా? చేయలేకపోతే ఎందుకో చెప్పారా? అసలు ఆ మాటే లేకుండా పోయిందా?

మాటే లేకుండా పోయినవి ఒక కాగితం మీద రాసి, రిజిస్ట్రార్‌కో పూర్వ విద్యార్థుల సంఘానికో మర్యాదగా ఒక ఉత్తరం పంపండి. దాంతో పాటు మీ విరాళం చెక్కు కూడా పెట్టండి.