డబ్బా ఖరీదు, చెంచా కొలత

శ్రోతలకు నమస్కారం.

బిడ్డకు ఆరు నెలల వరకు తల్లిపాలే పట్టాలని మీరు ఎన్నోసార్లు విన్నారు. ఆ మాటలో మార్పేమీ లేదు. అయితే ఏదో కారణం వల్ల తల్లిపాలు అందని బిడ్డలు కూడా మన వీధిలో ఉంటారు, మన ఇంట్లోనూ ఉంటారు. ఈ రోజు వాళ్ళ పాలడబ్బా గురించి మాట్లాడుకుందాం. మనసు ఎటూ తేల్చుకోలేనప్పుడు మనిషి ఖరీదైన వస్తువు వైపు మొగ్గుతాడు. నేను ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు పోషకాహారం పాఠాలు చెప్పిన మనిషిని. అంగడిలో సబ్బు కొనేటప్పుడు నాకూ ఆ బలహీనత ఉంది.

తిరుపతి కొర్లగుంటలో మా పక్కింటి అక్క కూతురు పురిటికి వచ్చింది. బిడ్డ పుట్టిన మూడో నెలలో తల్లికి ఏదో జబ్బు చేసింది. వాడాల్సిన మందులు పాలలోకి దిగుతాయని డాక్టరు తల్లిపాలు ఆపించి, డబ్బాపాలు రాసిచ్చారు. అల్లుడు బెంగళూరులో ఉద్యోగం. అతనికి ఆఫీసులో ఎవరో చెప్పారట, డీహెచ్‌ఏ అనే ఒక రకం కొవ్వు కలిపిన డబ్బానే కొనాలి, మెదడు బాగా ఎదుగుతుంది అని. అక్క నన్ను వెంటబెట్టుకుని లీలామహల్ సర్కిల్ దగ్గర మందుల అంగడికి వెళ్ళింది. అంగడి అబ్బాయి రెండు డబ్బాలు బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒకటి సాదాది, రెండోది డీహెచ్‌ఏ కలిపినది. డబ్బాకు రెండు వందల పైచిలుకు తేడా.

"టీచరమ్మా, నువ్వే చెప్పు, ఏది మంచిది?" అంది అక్క.

నేను చెప్పబోయేలోగా ఫోనులో అల్లుడు, "అత్తయ్యా, ఖరీదు చూడొద్దండీ" అన్నాడు. ఇక నేను నోరు మెదపలేదు. రెండోదే కొన్నాం.

అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు చెబుతాను. డీహెచ్‌ఏ, ఏఆర్‌ఏ అనేవి రెండు రకాల కొవ్వు ఆమ్లాలు. తల్లిపాలలో సహజంగానే ఉంటాయి, అదీ చాలా కొద్దిగా. తల్లిపాలలోని కొవ్వు నూరు గ్రాములు తీస్తే డీహెచ్‌ఏ మూడో వంతు గ్రాము ఉంటుంది. తల్లి చేపలు తినే మనిషైతే కాస్త ఎక్కువ. బిడ్డ మెదడుకు, కంటికి ఇవి అవసరమే, అందులో సందేహం లేదు. అందుకే పాలపొడిలోనూ కలుపుదామన్న ఆలోచన పుట్టింది. అమెరికాలో 2002 నుంచి ఇలాంటి డబ్బాలు అమ్ముతున్నారు. ఐరోపా దేశాల్లో 2020 నుంచి డీహెచ్‌ఏ కలపడం తప్పనిసరి చేశారు. మన దేశంలో కలపవచ్చు, కలపకపోయినా తప్పు లేదు. మన తిరుపతిలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది, ఇది చేపనూనెనా అని. కొన్నింటిలో చేపనూనె, కొన్నింటిలో నీటిలో పెరిగే సూక్ష్మమైన నాచు నుంచి తీసిన నూనె. శాకాహారులు డబ్బా మీద ఆకుపచ్చ చుక్క చూసుకుంటే చాలు.

మరి కలిపినందువల్ల బిడ్డ తెలివి పెరిగిందా? నెలలు నిండి పుట్టిన పిల్లల మీద చేసిన 15 పరిశోధనలను, అందులోని 1889 మంది పిల్లలను కలిపి 2017లో ఒక సమీక్ష చేశారు. మెదడు ఎదుగుదలలో స్పష్టమైన మేలు ఏదీ తేలలేదు. చూపు విషయంలో కొన్ని పరిశోధనలు ఔనన్నాయి, కొన్ని కాదన్నాయి. తర్వాత 2021లో బ్రిటన్‌వాళ్ళు ఇంకో పని చేశారు. అంతకు ఇరవై, పాతికేళ్ళ ముందు రకరకాల డబ్బాపాలు తాగిన పిల్లల బడి మార్కులు వెతికి తీశారు. పదకొండో ఏట, పదహారో ఏట వచ్చిన మార్కులు. ఈ కొవ్వులు కలిపిన పాలు తాగిన పిల్లలకు వాటి వల్ల మార్కులేమీ పెరగలేదు. నాకు ఈ పని చాలా నచ్చింది. డబ్బా మీద మాటను నమ్మకుండా, ఆ పిల్లల పరీక్ష పేపర్ల దాకా వెళ్ళారు!

కాబట్టి నా అభిప్రాయం ఇది. డీహెచ్‌ఏ డబ్బా వల్ల స్పష్టమైన చెడు ఏదీ తేలలేదు. చేతిలో డబ్బుంటే కొనండి. డబ్బు చాలకపోతే సాదా డబ్బా కొనండి, బిడ్డకు అన్యాయం చేశామని కుమిలిపోకండి. సాదా డబ్బా కూడా ప్రభుత్వం పెట్టిన ప్రమాణానికి లోబడి తయారైనదే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ సంగతి వేరు. కడుపులో చివరి మూడు నెలల్లోనే తల్లి నుంచి బిడ్డకు ఈ కొవ్వులు ఎక్కువగా చేరతాయి. అలాంటి బిడ్డకు ఏ పాలు పట్టాలో పిల్లల డాక్టరే తేల్చాలి.

మళ్ళీ మా అక్క దగ్గరికి వస్తాను. అసలు కథ అక్కడే ఉంది.

నాలుగైదు నెలల బిడ్డకు 400 గ్రాముల డబ్బా మూడు రోజులకే అయిపోతుంది. మూడు రోజులకే! అంటే నెలకు పది డబ్బాలు. డబ్బాకు రెండు వందల తేడా అంటే నెలకు రెండు వేలు. అల్లుడు పంపే డబ్బు ఇరవయ్యో తేదీకే అయిపోయేది. అడగడానికి అక్కకు మొహమాటం. ఒక నెల గడిచాక అంగన్‌వాడీలో బిడ్డను తూచారు. ఆ వయసులో నెలకు అరకిలో దాకా పెరగాలి. ఈ పాప పెరిగింది రెండు వందల గ్రాములు.

సాయంత్రం నేను వాళ్ళ వంటింట్లో కూర్చుని, అక్క పాలు కలుపుతుంటే చూశాను. చెయ్యి శుభ్రంగా కడుక్కుంది. నీళ్ళు మరిగించింది. సీసా వాడదు, వాళ్ళమ్మ నాటి వెండి ఉగ్గుగిన్నె ఉంది, దానితోనే పడుతుంది, మరిగే నీళ్ళలో వేసి తీసి మరీ. నాకు ముచ్చటేసింది. గ్లాసులో 120 మిల్లీలీటర్ల నీళ్ళు పోసింది. ఆ డబ్బా మీద రాసిన లెక్క 30 మిల్లీలీటర్లకు ఒక చెంచా. అంటే నాలుగు చెంచాలు పడాలి. అక్క రెండు చెంచాలు వేసింది. మూడోది సగం వేసి, మూత పెట్టేసింది.

"అక్కా, ఇంకా ఒకటిన్నర వేయాలి కదా?"

"చిక్కగా ఉంటే అరగదు టీచరమ్మా" అంది. కాసేపాగి, తల దించుకుని, "అయిదు రోజులైనా రావాలి కదా, డబ్బా" అంది.

చూశారా? మెదడు కోసం ఖరీదైన డబ్బా కొన్నాం. ఖరీదైనది కాబట్టి పొదుపుగా వాడాం. పొదుపుగా వాడాం కాబట్టి బిడ్డ ఆకలితో ఉంది. పాలు పలచనైతే కొవ్వు, మాంసకృత్తులు, చక్కెర అన్నీ తగ్గుతాయి, ఆ డీహెచ్‌ఏతో సహా. నీళ్ళు మరీ ఎక్కువైతే రక్తంలో ఉప్పు పడిపోయి పసిబిడ్డకు ఫిట్స్ కూడా రావచ్చు. చిక్కగా కలిపినా ప్రమాదమే. డీహెచ్‌ఏ వల్ల వచ్చే లాభం ఉందో లేదో ఇంకా తేలలేదు. నీళ్ళపాల వల్ల వచ్చే నష్టం మాత్రం తేలిపోయింది, అంగన్‌వాడీ తూకంలోనే కనబడింది.

ఆ రాత్రి నేనే అల్లుడికి ఫోను చేశాను. పాపం, మంచివాడు, డబ్బు చాలడం లేదని అతనికి తెలియనే తెలియదు. డాక్టరును అడిగి సాదా డబ్బాకు మార్చుకున్నారు. నాలుగు చెంచాలు, 120 మిల్లీలీటర్ల నీళ్ళు. తర్వాతి నెల తూకంలో పాప ఆరువందల గ్రాములు పెరిగింది.

అంగడికి వెళ్ళే ముందు ఈ లెక్క ఒక్కటి వేసుకోండి. ఈ డబ్బాలు నెలకు పది కొనగలమా, కలిపే ప్రతిసారీ నిండు కొలత వేయగలమా? కొనగలిగితే ఏ డబ్బా అయినా సరే. లేకపోతే ఖర్చు తక్కువైనది కొని, కొలత నిండుగా వేయండి.

సమయం అయిపోయిందని అద్దం అవతల నుంచి సైగ చేస్తున్నారు. రెండు ముక్కలు చెప్పి లేస్తాను. ముందు నీళ్ళు కొలిచి పోసి, తర్వాత పొడి వేయండి. నీళ్ళు మరిగించి దించిన అరగంటలోపే, బాగా వేడిగా ఉండగానే పొడి కలిపి, ఆ తర్వాత చల్లార్చి పట్టండి. తాగగా మిగిలినవి పారబోయండి. చెంచాను గోపురంలా నింపకూడదు, పడితో బియ్యం తలకొట్టి కొలిచినట్లు కత్తి వెనుక వైపుతో చదును చేయాలి. డబ్బా మారిస్తే పాత చెంచా వాడకండి. కొత్త డబ్బాలో ఉన్న చెంచాయే వాడాలి, ఒక్కో కంపెనీ చెంచాలో పట్టే పొడి ఒక్కో రకంగా ఉంటుంది.