మొసళ్ల పక్క నుంచి సైకిల్ మీద: షార్క్ వ్యాలీ కబుర్లు

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ రోజు నాతో మాట్లాడుతున్నది మా వదిన. దక్షిణ ఫ్లోరిడాలో ఉంటారు, సైకిల్ అంటే ప్రాణం. ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్క్‌లో షార్క్ వ్యాలీ అనే చోట సైకిల్ తొక్కుతూ మొదటిసారి అడవిలో ఆలిగేటర్లను, అంటే మొసలి జాతి జంతువులను, చూసి వచ్చారు. ఫోటోలు చూసి మా ఇంట్లో అందరికీ టెన్షన్. వదినా, అక్కడ కంచె లాంటిది ఏమీ ఉండదా?

వదిన: ఏమీ ఉండదు. మయామీ నుంచి పడమరకి టమయామీ ట్రయిల్ అని ఒక హైవే పోతుంది. దాని మీద గంటసేపు వెళ్తే ఎడమ పక్కన గేటు వస్తుంది. లోపల 15 మైళ్ల తారు రోడ్డు, చుట్టూ తిరిగి మళ్లీ గేటు దగ్గరికే తెస్తుంది. సొంత కార్లు రానివ్వరు. నడవాలి, లేదా సైకిల్ తొక్కాలి, లేదంటే పార్కు ట్రామ్ ఎక్కాలి. సైకిళ్లు అక్కడే అద్దెకిస్తారు. దారంతా బల్లపరుపు, ఎత్తుపల్లాలు లేవు. పడమటి వైపు రోడ్డు పక్కనే కాలువ ఉంటుంది. ఒకప్పుడు రోడ్డు వేయడానికి మట్టి తవ్వితే ఏర్పడిన కాలువ. ఎండాకాలంలో పార్కు లోపల నీళ్లు తగ్గేకొద్దీ చేపలన్నీ ఈ కాలువలోకి చేరతాయి. చేపల వెనక కొంగలు, అన్నిటి వెనక ఆలిగేటర్లు.

హోస్ట్: ఎండాకాలం అంటే మన మే నెలనా?

వదిన: కాదు, అక్కడ డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా వానలుండవు. చలికాలమే ఎండుకాలం. ఆలిగేటర్లను చూడాలంటే అదే సీజన్. అవి చల్లటి రక్తం జీవులు కదా, పొద్దున చలికి ఒళ్లు వేడెక్కించుకోవాలి. తారు రోడ్డు తొందరగా వేడెక్కుతుంది. అందుకే గట్టు మీదా, ఒక్కోసారి రోడ్డు అంచునా వచ్చి పడుకుంటాయి.

హోస్ట్: మొదటిది ఎక్కడ కనిపించింది?

వదిన: గేటు దాటి ఎంతో దూరం పోలేదు. ముందు వెళ్తున్న వాళ్లు సైకిళ్లు దిగి నిలబడి ఉన్నారు. నేనూ దిగాను. కుడివైపు గట్టు మీద గడ్డిలో ఒకటి పడుకుని ఉంది, ఎనిమిది అడుగులు ఉంటుందేమో. కదలదు, మెదలదు. వీపు మీద పలకలు వరసగా లేచి ఉన్నాయి. వాటి మధ్య బురద ఎండి పగుళ్లిచ్చి, ఆ పగుళ్లలో పచ్చటి నాచు అతుక్కుని ఉంది. తోక మొదట్లో పలకలు రెండు వరసలు, చివరికి వచ్చేసరికి ఒకటే వరస. ముందు కాలు వెనక్కి మడిచి, అరచెయ్యి పైకి తిప్పి పెట్టుకుంది. వేళ్లు ఐదూ విడివిడిగా కనిపించాయి. ఆ కాలు చూశాక నాకు భయం సగం తగ్గింది. అంత హాయిగా పడుకున్న జంతువుని నేను అంతకుముందు చూడలేదు.

హోస్ట్: మిగతా సగం?

వదిన: మిగతా సగం అక్కరలేదని ఎవరు చెప్పారు? ఉండాలి. కాసేపటికి అది నోరు తెరిచింది. నా పక్కనున్న ఒకాయన గబగబా వెనక్కి జరిగాడు. కానీ నోరు తెరవడం బెదిరించడానికి కాదు. చెమట పట్టని ఒళ్లు కదా, వేడి ఎక్కువైతే నోట్లోంచి వదిలేస్తాయి. బుస్సుమని చప్పుడు చేస్తే మాత్రం దగ్గరికి వచ్చేశామని అర్థం, వెంటనే వెనక్కి తగ్గాలి. కనీసం 15 అడుగుల దూరం ఉండాలని పార్కు వాళ్లు చెప్తారు.

హోస్ట్: మీరు సంగారెడ్డిలో పెరిగారు కదా, మంజీరలో మొసళ్లు చూసే ఉంటారు. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏంటి?

వదిన: చిన్నప్పుడు నాన్నతో మంజీర అభయారణ్యానికి వెళ్లేవాళ్లం. 1978లో దాన్ని అభయారణ్యం చేశారు, అక్కడున్నవి మగ్గర్ మొసళ్లు. కానీ అక్కడ మనం గట్టు మీద, అవి దూరంగా రాళ్ల మీద. నాన్న చూపిస్తే తప్ప రాయేదో మొసలేదో తెలిసేది కాదు. ఇక్కడ దగ్గరగా చూశాక తేడా తెలిసింది. మగ్గర్ నోరు మూసుకున్నా కింది పళ్లు బయటికి కనిపిస్తాయి. ఆలిగేటర్ నోరు మూస్తే పైదవడ కింది పళ్లను కప్పేస్తుంది. రంగు కూడా ఇది దాదాపు నలుపు. ఇంకో విశేషం, దక్షిణ ఫ్లోరిడాలో ఆలిగేటర్లతో పాటు అమెరికన్ క్రోకడైల్ అనే మొసలి కూడా ఉంది. అది సముద్రం వైపు, ఉప్పునీళ్లు కలిసే చోట ఉంటుంది. ఆ రెండూ అడవిలో కలిసి బతికే చోటు ప్రపంచం మొత్తం మీద ఇదొక్కటే.

హోస్ట్: మనవాళ్లలో స్థానబలం అనే మాట మొసలిని చూసే పుట్టిందంటారు. నీళ్లలో ఉంటే ఏనుగునైనా లాగేస్తుంది, గట్టెక్కితే కుక్క కూడా లెక్కచేయదని.

వదిన: సగం నిజం, గట్టు మీదున్నదాన్ని అలుసుగా తీసుకోకూడదు. కొద్ది దూరమే అయినా నేల మీద కూడా చాలా వేగంగా కదులుతాయి. నువ్వు అడగకముందే చెప్తాను, అవి వెంటపడితే వంకరటింకరగా పరిగెత్తాలని ఒక నమ్మకం ఉంది చూడు, అది తప్పు. నేరుగా, ఎంత వేగంగా పరిగెత్తగలిగితే అంత వేగంగా దూరం పోవాలి. అసలు గట్టు మీద పడుకున్నది మనిషి వెంటపడటం చాలా అరుదు. ఫ్లోరిడా మొత్తంలో దాదాపు 13 లక్షల ఆలిగేటర్లు ఉన్నాయని లెక్క, జనం రెండు కోట్ల పైనే. అయినా మనం రెచ్చగొట్టకుండానే అవి కరిచి, ఆస్పత్రికి వెళ్లాల్సినంత దెబ్బ తగిలిన కేసులు ఏడాదికి సగటున 8. అందులోనూ నీళ్ల అంచున జరిగేవే ఎక్కువ.

హోస్ట్: అయినా కేసులు ఉన్నాయి కదా. ఎందుకు జరుగుతాయి?

వదిన: దీని గురించి మాట్లాడాలనే నీ ఎపిసోడ్‌కి ఒప్పుకున్నాను. ఆలిగేటర్‌కి మనిషంటే సహజంగా బెదురు. ఆ బెదురు పోయేది ఎప్పుడంటే, మనం తిండి పెట్టినప్పుడు. బ్రెడ్డు ముక్క, చికెన్ ముక్క, చిప్స్ ఏదైనా సరే. రెండు మూడుసార్లు దొరికితే మనిషి కనబడగానే తిండి వస్తుందని ఒడ్డుకి వస్తుంది. ఆ తర్వాత వచ్చే మనిషి చేతిలో ఏమీ ఉండదు. ఫ్లోరిడాలో అడవి ఆలిగేటర్‌కి తిండి పెట్టడం చట్టప్రకారం నేరం. ఎక్కడైనా నాలుగడుగులు దాటిన ఆలిగేటర్ మనుషులకి ప్రమాదం అనిపిస్తే, పట్టడానికి లైసెన్సున్న మనిషిని పంపిస్తారు. పట్టుకెళ్లి వేరే చోట వదులుతారని చాలామంది అనుకుంటారు. వదలరు, చాలావరకు చంపేస్తారు. వదిలినా అది తిరిగి తన చోటికే రావాలని చూస్తుంది. అంటే సరదాకి బ్రెడ్డు విసిరినవాడు ఇంటికి పోతాడు, చచ్చేది ఆ జంతువు. నాకు దీని మీద చాలా కోపం.

హోస్ట్: మనవాళ్లు కూడా చేస్తారా?

వదిన: ఎవరైనా చేస్తారు. మన ఇళ్లలో చేపలకి మరమరాలు, కోతులకి అరటిపళ్లు వేసే అలవాటు ఉంది. దాన్ని పుణ్యం అనుకుంటాం. అందుకే ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు అపార్ట్‌మెంట్ చెరువు దగ్గర ముందే చెప్పాలి. ఫ్లోరిడాలో చెరువు ఉందంటే అందులో ఆలిగేటర్ ఉందనే అనుకోవాలి. రాష్ట్రంలో మన జిల్లాల్లాంటి కౌంటీలు 67, అన్నిట్లోనూ ఉన్నాయి. చీకటి పడ్డాక నీళ్ల అంచున కుక్కను తిప్పకూడదు, పిల్లల్ని ఆడనివ్వకూడదు.

హోస్ట్: ఇన్ని ఉన్నాయంటే వాటికేం ఢోకా లేదన్నమాట.

వదిన: ఇప్పుడు లేదు. ఒకప్పుడు తోలు కోసం వేటాడి వేటాడి దాదాపు తుడిచిపెట్టేశారు. ఫ్లోరిడా 1962లో వేట ఆపేసింది, 1967లో అంతరించిపోతున్న జంతువుల జాబితాలో చేర్చారు. 1987కల్లా కోలుకుందని ప్రకటించారు. చట్టం పెట్టి, దాన్ని గట్టిగా అమలు చేస్తే ఏం జరుగుతుందో చూపించిన జంతువు అది. మన దేశంలో చంబల్ నదిలో ఉండే పొడుగు మూతి మొసలి, ఘరియాల్ గురించి కూడా ఇలా చెప్పుకునే రోజు రావాలని నా కోరిక.

హోస్ట్: అవి లేకపోతే అక్కడ ఏం పోతుంది? చేపలు ఎక్కువ మిగులుతాయి కదా!

వదిన: చేపలే ముందు పోతాయి. ఎవర్‌గ్లేడ్స్ అంటే చిత్తడి అనుకుంటాం కానీ నిజానికి అది పారే నీరు. ఓకీచోబీ అనే పెద్ద చెరువు నుంచి దక్షిణంగా సముద్రం దాకా, మైళ్ల వెడల్పున, మోకాలి లోతు నీళ్లు కంటికి తెలియనంత నెమ్మదిగా కదులుతాయి. పైన అంతా గడ్డి, దాని అంచులు రంపంలా కోస్తాయి. వానలు ఆగాక ఆ నీళ్లు ఇంకిపోతాయి. అప్పుడు ఆలిగేటర్ నోటితో, కాళ్లతో, తోకతో బురద తోడి గుంట చేసుకుంటుంది. చుట్టూ నేల పగుళ్లిచ్చినా ఆ గుంటలో నీళ్లుంటాయి. చేపలు, తాబేళ్లు, నత్తలు, పక్షులు అన్నీ వానల్లేని ఆ నెలలు అక్కడే తలదాచుకుంటాయి. కొన్నిటిని అది తింటుంది, నిజమే. మిగిలినవి వానలు రాగానే మళ్లీ అంతటా పాకుతాయి. గుంట తవ్వేవాళ్లే లేకపోతే వాటికి దిక్కెవరు?

హోస్ట్: కాలవ పక్క ఊళ్లో ఎండల్లో ఒకే ఒక్క బావిలో నీళ్లున్నట్టు.

వదిన: అంతే. కొంగలు కూడా ఆలిగేటర్లున్న నీళ్ల మీదున్న చెట్లే చూసుకుని గూళ్లు కడతాయి. ఎందుకో తెలుసా? గుడ్లు దొంగిలించడానికి రకూన్లనే చిన్న జంతువులు ఈదుకుంటూ రావాలి, కింద ఆలిగేటర్ ఉంటే రావు. బదులుగా గూట్లోంచి జారిపడిన పిల్ల దాని నోట్లో పడుతుంది. కాపలాకి కూలి అనుకో. ఇంకా, ఎర్ర పొట్ట తాబేళ్లు ఏకంగా ఆలిగేటర్ గూట్లోనే గుడ్లు పెట్టేస్తాయి. తల్లి తన గూటికి కాపలా కాస్తే వాటి గుడ్లూ భద్రం.

హోస్ట్: ఆ గూడు చూశారా?

వదిన: గూడు చూడలేదు, పిల్లల్ని చూశాను. కాలువ అంచున ఏదో క్యాంక్ క్యాంక్ అని వినబడింది. మొదట కప్పలనుకున్నాను. ఆగి చూస్తే తామరాకుల మధ్య జానెడేసి పిల్లలు, నల్లటి ఒంటి మీద పసుపు చారలు. ఒకటి ఆకు మీదికి ఎక్కబోయి జారి, మళ్లీ ఎక్కుతోంది. అక్కడున్న రేంజర్ చెయ్యి చాపి, అందరినీ రోడ్డుకి అవతలి అంచుకి జరగమన్నారు. తల్లెక్కడా అని వెతికితే, పిల్లలకి ఐదారడుగుల దూరంలో నీళ్ల మీద రెండు కళ్లు, ముక్కు కొస. అంతసేపూ అది మమ్మల్నే చూస్తోంది. ఏడాది దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం పిల్లల్ని కాచుకుంటుంది. అక్కడ మాత్రం నిలబడి ఫోటో తీయాలని కూడా అనిపించలేదు, సైకిల్ నడిపించుకుంటూ వచ్చేశాను.

హోస్ట్: మగ, ఆడ పిల్లలు గుడ్డు వేడిని బట్టి పుడతాయని ఎక్కడో విన్నాను. నిజమేనా?

వదిన: నిజమే. తల్లి ఆకులు, గడ్డి, బురద కుప్పగా పోసి గుడ్లు పెడుతుంది. ఆ చెత్త కుళ్లుతుంటే వేడి పుడుతుంది. 30 డిగ్రీలలో ఉంటే ఆడపిల్లలు, 33 దగ్గరుంటే మగపిల్లలు. అందుకే వాతావరణం వేడెక్కుతోందంటే శాస్త్రవేత్తలు వీటి గూళ్ల వైపు చూస్తున్నారు. నీళ్ల సంగతి ఇంకా కష్టం. వానాకాలంలో నీళ్లు ఎంత ఎత్తు వస్తాయో ముందే అంచనా వేసుకున్నట్టు తల్లి గూటి ఎత్తు పెడుతుంది. కానీ ఇప్పుడు నీళ్లు వచ్చేది వానను బట్టి మాత్రమే కాదు, కాలువల మీద మనుషులు తిప్పే గేట్లను బట్టి కూడా. ఒక్కసారిగా వదిలితే గుడ్లన్నీ మునిగిపోతాయి. నేను వెళ్లిన టమయామీ ట్రయిల్ సంగతే చూడు, 1928లో తెరిచిన ఆ రోడ్డే ఆనకట్టలా అడ్డుపడి పార్కులోకి నీళ్లు రానివ్వలేదు. ఆ తర్వాత దాన్ని కొంచెం కొంచెంగా పైకి లేపి వంతెనలు కడుతూ వచ్చారు. మొదటి మైలు వంతెన 2013లో పూర్తయింది. కారులో దాని మీద వెళ్తుంటే మామూలు వంతెనే అనిపిస్తుంది, కింద నీళ్లు కదలడం చూస్తే చాలా సంతోషం వేసింది.

హోస్ట్: చివరగా, అన్నయ్యా పిల్లలూ కూడా ఈసారి వస్తామంటున్నారు. తీసుకెళ్తారా?

వదిన: పెద్దవాడు సైకిల్ మీద వస్తాడు, ముందు నేను, మధ్యలో వాడు, వెనక మీ అన్నయ్య. చిన్నదాన్ని ట్రామ్ ఎక్కిస్తాం, దిగినచోటల్లా చెయ్యి పట్టుకునే ఉండాలి. సగం దూరంలో ఎత్తైన టవర్ ఉంది, పైకెక్కితే నాలుగు దిక్కులా గడ్డీ ఆకాశమే. దారిలో నీడ అసలు ఉండదు, మధ్యలో అడ్డదారి కూడా లేదు. సగం దాకా వెళ్లాక ముందుకెళ్లినా వెనక్కొచ్చినా దూరం ఒకటే.

హోస్ట్: నేను ఫిబ్రవరిలో వస్తున్నాను, నన్నూ తీసుకెళ్లండి.

వదిన: రా. తలా రెండు బాటిళ్ల నీళ్లు, టోపీ తెచ్చుకో. తినేవి ఏమున్నా జిప్పున్న బ్యాగులోనే ఉండాలి, కాలువ వైపు సంచి విప్పకూడదు. పార్కింగ్ చిన్నది, సీజన్‌లో తొందరగా నిండిపోతుంది. గేటు తీసేసరికి మనం అక్కడ ఉండాలి, అంటే చీకటితోనే బయల్దేరాలి. ముందు రోజు రాత్రి మా ఇంట్లోనే పడుకో.