ఇంటి తోటకు మట్టి పరీక్ష: ఖర్చు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు

అందరికీ నమస్కారం.

మట్టి పరీక్షల ఏర్పాట్లన్నీ ఎకరాల్లో సేద్యం చేసే రైతు కోసం పెట్టినవి. 2015లో మొదలైన భూసార కార్డు కూడా అంతే: సర్వే నంబరు, వేసే పంట, ఎరువుల మోతాదు. ఇరవై గజాల పెరట్లో వంకాయ, తోటకూర, కరివేపాకు పెంచుకునేవాళ్లకు ఆ లెక్క అందదు. అందుకే చాలామంది పరీక్ష జోలికే పోరు, లేదంటే ఆన్‌లైన్‌లో మట్టిలో గుచ్చే పీహెచ్ (మట్టి పులుపు, క్షార గుణం చూపే అంకె) మీటరు కొంటారు. రెండూ నష్టమే. ఇంట్లో చూసుకోగలిగినవి మనమే చూసుకొని, ల్యాబ్ మాత్రమే చెప్పగలిగిన వాటికి డబ్బు పెట్టాలి.

ముందు ఆ మీటరు సంగతి. బ్యాటరీ లేని మీటరుకుండే పుల్లలు వేర్వేరు లోహాలవి. తడి మట్టిలో వాటి మధ్య పుట్టే కొద్దిపాటి కరెంటునే ముల్లు చూపిస్తుంది. నీళ్లు పోసిన రోజు ఒక అంకె, ఎండిన రోజు ఇంకో అంకె. దాన్ని నమ్మి సున్నమో గంధకమో వేయకండి.

దాని బదులు పీహెచ్ కాగితాలు కొనండి. ఆరబెట్టి జల్లించిన మట్టి ఒక వంతు, డిస్టిల్డ్ వాటర్ రెండు వంతులు గాజు గ్లాసులో పోసి, అరగంట సేపు అప్పుడప్పుడు కలిపి, తేరనివ్వండి. పైన తేరిన నీటిలో కాగితం ముంచి రంగు పోల్చండి. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. బోరు నీళ్లు పోస్తే కాగితం మీద కనిపించేది బోరు గుణం, మట్టిది కాదు. అదే తేటలో టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన ఉప్పును కొలిచేది) పెట్టి, ఈసీ (విద్యుత్ వాహకత, ఉప్పు ఎక్కువైతే ఇదీ పెరుగుతుంది) అని ఉన్నచోట చదవండి. 1000 మైక్రోసీమెన్స్ లోపుంటే ఉప్పు బాధ లేనట్టే. 2000 దాటితే బీన్స్ లాంటివి తట్టుకోలేవు.

ఎండిన మట్టి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడండి. బుసబుసా నురగొస్తే సున్నం ఉంది. నల్లగొండ జిల్లా దామరచర్ల, వాడపల్లి వైపు సున్నపురాయి ఉన్న చోట్ల ఇది మామూలే. ప్లాస్టరింగ్ చెత్త కలిసిన కొత్త ఇంటి చుట్టూ కూడా ఇంతే. ఇలాంటి మట్టిలో పీహెచ్ దించుదామని గంధకం కుమ్మరిస్తే అది ముందు సున్నంతోనే సరిపోతుంది, డబ్బు దండగ. బాగా మాగిన పశువుల ఎరువు వేయండి. లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు తిరిగితే ఇనుప లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి.

ఇక ల్యాబ్. నల్లగొండ జిల్లాలో కంపాసాగర్, సూర్యాపేటలో గడ్డిపల్లి, నాగర్‌కర్నూల్‌లో పాలెం, వనపర్తిలో మదనాపురం దగ్గర రైతులకు సాయపడే కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. వెళ్లే ముందు ఫోన్ చేసి ఇంటి తోట నమూనా తీసుకుంటారా, ఫీజెంత, ఏయే పరీక్షలు విడిగా చేస్తారో అడగండి. మీకు ముఖ్యమైనవి సేంద్రియ కర్బనం, భాస్వరం, పొటాష్, జింకు, ఇనుము. నత్రజని పరీక్ష మానుకున్నా ఫరవాలేదు. తడి, వేడిని బట్టి అది త్వరగా మారుతుంది, కర్బనం శాతంతోనే దాని అంచనా తెలుస్తుంది. కర్బనం 0.5 శాతం లోపుంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. జింకుకు 0.6 పీపీఎం (పది లక్షల వంతుల్లో 0.6 వంతు) హద్దు, అంతకంటే తక్కువైతే లోపం. భాస్వరం పరీక్ష మాత్రం వదలకండి. ఏటా డీఏపీ, కోళ్ల ఎరువు వేసిన పెరళ్లలో భాస్వరం పేరుకుపోయి మొక్కకు జింకు అందకుండా చేస్తుంది.

ఫీజు కంటే ఎక్కువ నష్టం చెడ్డ నమూనాతో వస్తుంది. పెరట్లో ఆరేడు చోట్ల ఆకులు, చెత్త పక్కకు తీసి, ఆరంగుళాల లోతున వీ ఆకారంలో గుంత తవ్వండి. గుంత పక్క నుంచి పైనుంచి కిందిదాకా అంగుళం మందాన మట్టి చెక్కి ప్లాస్టిక్ టబ్బులో వేయండి. జింకు పూత బకెట్ వాడితే జింకు అంకె తప్పొస్తుంది. గోడకు మూడడుగుల లోపల, బట్టలుతికిన నీళ్లు పారే చోట, ఎరువు కుప్ప కింద, పెద్ద చెట్టు మొదట్లో తీయొద్దు. ఎరువు వేసి నెల కాకుంటే ఆగండి. ఎర్రమట్టి, నల్లమట్టి రెండూ ఉంటే కలపకుండా వేరువేరు నమూనాలు తీయాలి.

అంతా కలిపి గడ్డలు చిదిపి, గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేయండి. అరకిలో మిగిలేదాకా ఇదే చేసి, నీడలో ఆరబెట్టి కొత్త గుడ్డసంచిలో కట్టండి. యూరియా సంచి వద్దే వద్దు. చీటీ పెన్సిల్‌తో రాసి లోపలొకటి, బయటొకటి పెట్టండి.

కుండీలకు ల్యాబ్ పరీక్ష అవసరం లేదనే మా అభిప్రాయం. పీహెచ్, ఈసీ ఇంట్లోనే చూసుకుంటే చాలు. కానీ చెరువు పూడిక మట్టో, దుబ్బ మట్టో ట్రాక్టరుతో తెప్పించేటప్పుడు తప్పక చేయించండి. ఒకే చెరువు నుంచి, ఒకే చోట తవ్విన మట్టి వీధిలో పది ఇళ్లు కొంటే పదిమందికీ ఒక్క నమూనా సరిపోతుంది, ఫీజు పంచుకోవచ్చు. మట్టి దింపక ముందే పరీక్ష పూర్తవాలి.

ఫలితం ఎకరాల లెక్కలో వస్తే కంగారు పడొద్దు. ఎకరానికి 4840 గజాలు. కాబట్టి ఎకరానికి చెప్పిన కిలోల్ని అయిదుతో భాగిస్తే, సుమారుగా ఒక గజానికి గ్రాములు వస్తాయి. ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేట్ అంటే గజానికి 4 గ్రాములు. హెక్టారు లెక్కయితే పదితో గుణించి వందతో భాగించండి, చదరపు మీటరుకు గ్రాములొస్తాయి. గుప్పెడు చొప్పున చల్లితే కొన్ని రెట్లు ఎక్కువ పడుతుంది. చిన్న తూకం వాడండి.

మన వైపు ఇంకో పరీక్ష తప్పనిసరి: బోరు నీళ్లు. బైకార్బొనేట్లు ఎక్కువున్న నీళ్లు ఏడాది పొడవునా పోస్తే మట్టి బాగున్నా పీహెచ్ పెరుగుతూనే ఉంటుంది. ల్యాబ్‌లో ఈసీ, ఆర్‌ఎస్‌సీ (నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం కంటే ఎక్కువగా ఉన్న కార్బొనేట్ల లెక్క) అడగండి. ఆర్‌ఎస్‌సీ 1.25 లోపుంటే మంచిది, 2.5 దాటితే ఆ నీళ్లు మొక్కలకు పనికిరావు. వాన నీళ్లు పట్టుకొని కలిపి పోయాలి. మోటారు పావుగంట నడిచాక, అవే నీళ్లతో మూడుసార్లు కడిగిన లీటరు సీసాలో నిండా పట్టి, గాలి లేకుండా మూత బిగించి, ఆ రోజే ల్యాబ్‌కు చేర్చండి.