బ్యూరెట్ పట్టడం వచ్చినవాడికి పని ఉంది: బీఎస్సీ కెమిస్ట్రీ చదువు, ఉద్యోగాలు

శ్రోతలకు నమస్కారం.

డిగ్రీలో కెమిస్ట్రీ చదువుతానని ఇంట్లో చెప్పిన పిల్లలకు ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "ఏం, ఇంజనీరింగ్ సీటు రాలేదా?" ఎంసెట్‌లో, అదే ఇప్పటి ఈఏపీసెట్‌లో అనుకున్న ర్యాంకు రాకో, నీట్ దాటకో బీఎస్సీలో చేరేవాళ్లు చాలామందే ఉన్నారు, కాదనను. కానీ ఈ చదువుకు మన రెండు రాష్ట్రాల్లో ఉన్నంత పని దేశంలో చాలా చోట్ల లేదు. అది ఎలా వచ్చిందో తెలిస్తే, డిగ్రీలో ఉండగా దేని మీద మనసు పెట్టాలో కూడా తెలుస్తుంది.

కేంద్ర ప్రభుత్వం 1961లో ఐడీపీఎల్ సంస్థను పెట్టింది. దాని మందుల కర్మాగారాల్లో ఒకటి హైదరాబాదు బాలానగర్‌కు వచ్చింది. తార్నాకలో ఇప్పుడు ఐఐసీటీ అని పిలుస్తున్న పరిశోధనాలయం 1944 నుంచే నడుస్తోంది. ఈ రెండుచోట్లా చేయి తిరిగిన రసాయన శాస్త్రజ్ఞులు తయారయ్యారు. డాక్టర్ రెడ్డీస్‌ను 1984లో మొదలుపెట్టిన కల్లం అంజిరెడ్డి గారు ఐడీపీఎల్‌లో పనిచేసి వచ్చినవారే. వీళ్లందరికీ దారి తెరిచింది మాత్రం ఒక చట్టం. 1970లో చేసిన పేటెంట్ల చట్టం 1972 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మన దేశంలో మందుకు పేటెంటు ఇవ్వరు, దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే ఇస్తారు. అంటే అదే మందును ఇంకో దారిలో చేయగలిగితే మనమూ తయారు చేసి అమ్ముకోవచ్చు. ఏ ముడిసరుకుతో మొదలుపెట్టాలి, ఏ సాల్వెంట్ వాడాలి, ఎన్ని స్టెప్పుల్లో ముగించాలి, చివరికి చేతికొచ్చేది ఎంత? ఆ ఇంకో దారి వెతకడం అచ్చంగా కెమిస్టు పని. 2005 నుంచి మందుకే పేటెంటు ఇస్తున్నారు. అయితే అప్పటికే మనవాళ్లు పేటెంటు గడువు తీరిన మందులను అమెరికాకు, ఐరోపాకు పంపే స్థాయికి ఎదిగిపోయారు.

జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, చౌటుప్పల్, అటువైపు పరవాడ, అచ్యుతాపురం, పైడిభీమవరం. ఈ పారిశ్రామికవాడల పేర్లన్నీ ఇవాళ వాక్-ఇన్ ప్రకటనల్లో, అంటే నేరుగా వచ్చి ఇంటర్వ్యూ ఇవ్వమనే ప్రకటనల్లో కనిపించేవే. బీఎస్సీ ఫ్రెషర్‌ను ఎక్కువగా తీసుకునేది క్యూసీలోకి, ప్రొడక్షన్‌లోకి. క్యూసీ అంటే తయారైన సరుకును పరీక్షించే విభాగం. ప్రొడక్షన్ అంటే రియాక్టర్ల దగ్గర పని, మూడు షిఫ్టులు. ఆర్ అండ్ డీలో, అంటే పరిశోధన విభాగంలో అయితే ఎమ్మెస్సీ ఆర్గానిక్ చేసినవాళ్లకే మొగ్గు.

ఇక అసలు మాటకు వస్తాను. మన కాలేజీల్లో థియరీకి ఇచ్చే విలువ ప్రాక్టికల్స్‌కు ఇవ్వం. ఉద్యోగం ఇచ్చేవాడు చూసేది మాత్రం అక్కడే. ఒక్క ప్రయోగం చెబుతాను, కెమిస్ట్రీ చదివిన ప్రతివాళ్లూ చేసిందే. పొటాషియం పర్మాంగనేట్, ఆక్జాలిక్ ఆమ్లం టైట్రేషన్, అంటే ఒక ద్రావణంతో ఇంకోదాని బలం కొలవడం. పిపెట్‌తో ఆక్జాలిక్ ఆమ్లం తీసుకుని, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, అరవై డెబ్బై డిగ్రీల దాకా వేడి చేసి, బ్యూరెట్ అనే గీతల గాజు గొట్టం నుంచి ఊదారంగు ద్రావణాన్ని చుక్కచుక్కగా వదులుతాం. మొదటి చుక్కల రంగు ఓ పట్టాన పోదు. ఫ్లాస్కును తిప్పుతూ ఆగాలి. ఆ తర్వాత చుక్క పడీ పడగానే రంగు మాయమవుతుంది. ఎందుకలా? చర్యలో పుట్టిన మాంగనీసు అయానే ఆ చర్యను తొందరపెడుతుంది. తన ఉత్పత్తే తనకు ఉత్ప్రేరకం. పుస్తకంలో ఆటో కెటాలిసిస్ అని ఒక వాక్యంగా కనిపించేది ఇక్కడ కళ్లముందు జరుగుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఎందుకు వాడకూడదు? పర్మాంగనేట్ క్లోరైడును కూడా ఆక్సీకరిస్తుంది, లెక్క తప్పుతుంది. బ్యూరెట్‌లో రీడింగు ద్రవపు వంపు కింది అంచు దగ్గర కాకుండా పై అంచు దగ్గర ఎందుకు తీసుకుంటాం? ద్రావణం ముదురు రంగులో ఉండి కింది అంచు కనబడదు గనక. ఈ మూడు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పే విద్యార్థి దొరికితే, ఇంటర్వ్యూ చేసేవాడికి ఆ రోజు పండగే.

చాలా ల్యాబుల్లో జరిగేది వేరు. నలుగురైదుగురు కలిసి ఒక బ్యూరెట్, ఒకరు చేస్తే మిగతావాళ్లు రీడింగు ఎక్కించుకోవడం. పరీక్షల ముందు సీనియర్ రికార్డు తెచ్చుకుని రాత్రంతా కూర్చుని కాపీ కొట్టడం. తేదీలన్నీ ఒకే పెన్నుతో, ఒకే రోజున. దీన్ని ఎవరూ తప్పనుకోరు, అదొక ఆనవాయితీ అయిపోయింది. ఫార్మా కంపెనీలో అదే పని చేస్తే ఉద్యోగం పోతుంది.

ఎందుకో చెబుతాను. క్యూసీలో ప్రధానమైన యంత్రం హెచ్‌పీఎల్‌సీ. సన్నటి పొడి దట్టించిన ఉక్కు గొట్టంలోంచి మందు ద్రావణాన్ని బాగా ఒత్తిడితో పంపిస్తారు. మందు ఒక సమయానికి, అందులోని మలినాలు వేరువేరు సమయాలకు బయటికొస్తాయి. ఒక్కొక్కటీ తెరమీద ఒక పీక్‌గా కనిపిస్తుంది. ఏ పీక్ ఎంత పెద్దదో చూసి మలినం ఎంతుందో లెక్కగడతారు. ఎవరు లాగిన్ అయ్యారు, ఏ నిమిషానికి శాంపిల్ ఎక్కించారు, ఏ ఫలితాన్ని మళ్లీ లెక్కించారు, అన్నీ ఆ కంప్యూటర్‌లో నమోదవుతాయి. దాన్ని ఆడిట్ ట్రెయిల్ అంటారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడు నోట్‌బుక్‌లో రాసిన సమయాన్నీ, యంత్రంలో ఉన్న సమయాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడాలు కనిపిస్తే ఫారం 483 మీద రాసిచ్చి వెళ్తారు. కంపెనీ జవాబు సరిపోకపోతే వార్నింగ్ లెటర్ వస్తుంది, అది వాళ్ల వెబ్‌సైట్‌లో ప్రపంచమంతా చదవచ్చు. చించేసిన కాగితాలు చెత్త సంచుల్లో దొరికాయని రాసిన సందర్భాలూ ఉన్నాయి. చేసిన వెంటనే రాయడం, కొట్టివేత ఉంటే కింద ఉన్నది కనబడేలా ఒక్క గీత గీసి సంతకం, తేదీ వేయడం. ఈ అలవాటు డిగ్రీ మొదటి సంవత్సరంలోనే చేసుకోవచ్చు, దీనికి ఫీజు లేదు. అమీర్‌పేటలో ట్రైనింగు పేరుతో వేలకు వేలు కట్టేముందు ఈ పని చేసి చూడండి.

వాక్-ఇన్ ఇంటర్వ్యూల్లో అడిగేవి పెద్ద ప్రశ్నలేం కావు. మొలారిటీకీ నార్మాలిటీకీ తేడా ఏమిటి, బఫర్ అంటే ఏమిటి, ఇలాంటివే. సోడియం హైడ్రాక్సైడ్‌ను తూకం వేసి చేసిన ద్రావణాన్ని నేరుగా ఎందుకు నమ్మకూడదు? అది గాలిలోని తేమనూ, కార్బన్ డయాక్సైడునూ పీల్చుకుంటుంది, మనం తూచింది మొత్తం అదే కాదు. అందుకే ఆక్జాలిక్ ఆమ్లంతోనో, థాలేట్ లవణంతోనో సరిచూసుకుని బలం తేల్చాలి. ఇది ఇంటర్ పుస్తకంలోనే ఉంది. ఎమ్మెస్సీ చేసినవాళ్లు కూడా ఇక్కడ నీళ్లు నమలడం చూస్తుంటాం.

తల్లిదండ్రులకు ఉండే భయం గురించి కూడా మాట్లాడాలి, ఆ భయం ఉత్తిది కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీ ట్యాంకులోని స్టైరీన్ అనే రసాయనం ఆవిరై చుట్టుపక్కల ఇళ్లమీద పడింది, పదిమందికి పైగా చనిపోయారు. స్టైరీన్ అణువులు వాటంతటవే గొలుసు కడతాయి. అలా కట్టేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి ఇంకా వేగం పెంచుతుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచి, నిరోధకం కలిపి, రోజూ చూసుకుంటూ ఉండాలి. పాలిమర్ల పాఠం చదివి వెళ్లిన కుర్రాడికి ట్యాంకు మీద ఉష్ణోగ్రత పెరగడం ఒక అంకెలా కనిపించకూడదు, గుండె దడదడలాడాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజునే అక్కడ వాడే ప్రతి రసాయనానికీ భద్రతా పత్రం అడగండి. ఇవ్వడానికి సణిగే చోటైతే, వేరే ఉద్యోగం వెతుక్కోవడం మంచిది.

ఫార్మా ఒక్కటే దిక్కు అనుకోవద్దు. నీటి పరీక్షల ల్యాబులున్నాయి. నల్లగొండ ఫ్లోరైడు గోడు మనకు తెలిసిందే. పటిక, సున్నంతో ఆ నీటిని శుద్ధి చేసే పద్ధతికి ప్రపంచమంతా వాడే పేరే నల్లగొండ టెక్నిక్. సిమెంటు, చక్కెర, రంగుల ఫ్యాక్టరీలు, ఆహార పరీక్షల ల్యాబులు ఉన్నాయి. అణుశక్తి విభాగంలో స్టైపెండరీ ట్రైనీలుగా బీఎస్సీ వాళ్లను తీసుకుంటారు, చమురు శుద్ధి కర్మాగారాల్లో అప్రెంటిస్‌షిప్‌లు ఉంటాయి. వీటికి మార్కుల శాతం, గ్రూపు సబ్జెక్టులు ఖచ్చితంగా చూస్తారు, నోటిఫికేషన్ పూర్తిగా చదవండి.

పైచదువు కావాలనుకుంటే, ఐఐటీల్లో ఎమ్మెస్సీ ప్రవేశానికి ఐఐటీ జామ్ పరీక్ష ఉంది. మూడు గంటలు, అరవై ప్రశ్నలు, వంద మార్కులు. మన విద్యార్థులు ఫిజికల్ కెమిస్ట్రీ లెక్కల దగ్గర ఎక్కువగా తడబడతారు, లెక్కలు వదిలేసి ఆర్గానిక్ రియాక్షన్లు బట్టీ పట్టడమే కారణం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ, మిగతా మన విశ్వవిద్యాలయాలకు రాష్ట్రాల పీజీ ప్రవేశ పరీక్షలు. ఎమ్మెస్సీ తర్వాత పరిశోధనకు సీఎస్ఐఆర్ నెట్. అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు, ఇంటికి భారం కాకుండా పీహెచ్‌డీ చేసుకోవచ్చు.

టీచరు కావాలనుకునే వాళ్లకు ఒక మాట. బడిలో ఫిజికల్ సైన్స్ టీచరంటే ఫిజిక్సూ, కెమిస్ట్రీ రెండూ చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో డిగ్రీ ఒకే మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతిలోకి మారింది. మేజర్ కెమిస్ట్రీ సరే, మైనర్‌గా ఏది తీసుకుంటున్నారు? స్నేహితుడు తీసుకున్నాడనో, ఆ లెక్చరర్ మార్కులు బాగా వేస్తారనో టిక్ పెట్టేయకండి. గత డీఎస్సీ నోటిఫికేషన్ ఒకటి తీసి, అర్హతల పేజీ చూసి, అప్పుడు ఫారం నింపండి.

సెలవు, నమస్కారం.