ఆ దరువు మీద నేను పాడొచ్చా మాస్టారూ?

(ఈ వారం ఫోన్-ఇన్: జమైకా డాన్స్‌హాల్ పాటలు, అంటే అక్కడి రెగే సంగీతం నుంచి పుట్టిన డాన్స్ పాటలు. మీ సందేహాలకు సంగీతం మాస్టారి జవాబులు.)

యాంకర్: హలో, చెప్పండమ్మా.

కాలర్ (బర్మింగ్‌హామ్): నమస్తే అండీ. మా అమ్మాయికి పదిహేనేళ్లు. పొద్దస్తమానం ఈ పాటలే. మాటలు కొన్ని అర్థమయ్యాక నాకు గుండె దడ. మానిపించాలా?

మాస్టారు: మానమంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటుందమ్మా, అంతే. ఈ బాధ జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో తల్లులకీ ఉంది. పచ్చి పాటల్ని అక్కడ 'స్లాక్‌నెస్' అంటారు. మరీ హద్దు దాటినవాటిని రేడియోలో, టీవీలో వెయ్యొద్దని 2009లో వాళ్ల బ్రాడ్‌కాస్టింగ్ కమిషనే చెప్పింది. మీరూ పక్కన కూర్చుని వినండి. కాఫీ అనే అమ్మాయి 19 ఏళ్లకే, 2020లో, రెగే ఆల్బమ్‌కి గ్రామీ తెచ్చుకుంది. ఆమె పాటలతో మొదలుపెట్టండి.

కాలర్: కాఫీయా?

మాస్టారు: ఆ పేరుతోనే పాడుతుందమ్మా. (నవ్వు)

యాంకర్: తర్వాతి కాలర్, హలో?

కాలర్ (విజయవాడ): నమస్కారం మేడమ్, నమస్కారం మాస్టారూ. పెళ్లిళ్లకు కీబోర్డు వాయిస్తుంటానండీ.

మాస్టారు: చెప్పు బాబూ. ముందు ఆ టీవీ సౌండ్ తగ్గించు.

కాలర్: తగ్గించా సార్. సంగీత్‌లకు వెళ్తే కుర్రాళ్లు జమైకా గాయకుడు షాన్ పాల్ పాట అడుగుతున్నారు. చప్పట్లు వస్తాయి చూడండి, 'గెట్ బిజీ', అది. ఆ మ్యూజిక్ ఒక్కటే నెట్‌లో దొరికితే డౌన్‌లోడ్ చేసి, పైన తెలుగు మాటలు రాసుకున్నా. జమైకాలో ఒకే మ్యూజిక్ మీద ఎవరు పడితే వాళ్లు పాడతారట కదా, నేనూ రిలీజ్ చెయ్యొచ్చా? మా ఫ్రెండేమో కేసులంటూ టెన్షన్ పెడుతున్నాడు.

మాస్టారు: నువ్వు విన్నది సగం నిజం. పాట కింద ఉండే దరువూ బేసూ కలిపి వాళ్లు 'రిడిమ్' అంటారు. నీ చప్పట్ల రిడిమ్ పేరేంటో తెలుసా? 'దివాలీ'.

యాంకర్: మన దీపావళేనా?

మాస్టారు: మన పండగ పేరేనమ్మా. లెంకీ మార్స్‌డెన్ అనే జమైకా సంగీతకారుడు చేశాడు. వేన్ వండర్ అనే గాయకుడి 'నో లెటింగ్ గో' పాట కూడా ఆ చప్పట్ల మీదే. వరస వేరు, మాటలు వేరు, కింద దరువు ఒకటే. 2003లో 'గెట్ బిజీ' అమెరికాలో నంబర్ వన్ అయింది.

కాలర్: మరి నేను పాడితే తప్పేంటి సార్?

మాస్టారు: వాళ్లకి రిడిమ్ చేసినవాడు పిలిచి ఇచ్చాడు, నీకెవరిచ్చారు? పూర్వం పక్క స్టూడియో వాళ్లు అడక్కుండా మళ్లీ వాయించుకున్నా చెల్లిపోయేది. ఊళ్లో సంగతి ఊళ్లోనే ఉండేది, డబ్బూ తక్కువే. ఇప్పుడు లోకమంతా వింటోంది, లెక్కలు మారిపోయాయి. స్టీలీ, క్లీవీ అని ఇద్దరు 1989లో 'ఫిష్ మార్కెట్' అనే రిడిమ్ చేశారు. రెగెటాన్ అనే స్పానిష్ డాన్స్ పాటలు చాలా దాని మీదే నడుస్తున్నాయని 2021లో వాళ్ల కంపెనీ అమెరికాలో పెద్ద పెద్ద గాయకుల మీద కేసు వేసింది. స్టీలీ అప్పటికే పోయాడు పాపం. నీ ఫ్రెండ్ టెన్షన్ ఉత్తిది కాదు.

కాలర్: అయితే పెళ్లిళ్లలో వాయించడం కూడా ఆపెయ్యాలా?

మాస్టారు: అది వేరే లెక్క. పెళ్లి వేడుకలకు మన కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. రిలీజ్ చెయ్యాలంటే మాత్రం హక్కులున్న కంపెనీకి రాసి అనుమతి తెచ్చుకో. లేదా దరువు నువ్వే కట్టుకో. నీ కీబోర్డేంటి?

కాలర్: పాత కాసియో సార్, మా బాబాయిది.

మాస్టారు: ఇంకేం! డాన్స్‌హాల్‌ని కంప్యూటర్ బాట పట్టించిందే కాసియో. ఎంటీ-40 అనే చిన్న కీబోర్డులో 'రాక్' అని ఒక రిథమ్ ఉండేది. దాన్ని తయారుచేసింది ఒకుదా హిరోకో అనే జపాన్ ఆవిడ. 1985లో కింగ్ జామీ అనే జమైకా నిర్మాత ఆ రిథమ్‌ని నెమ్మది చేసి, పైన వేన్ స్మిత్ అనే గాయకుడి చేత పాడించాడు. అదే 'స్లెంగ్ టెంగ్'. డ్రమ్మర్ లేడు, బేస్ గిటార్ లేదు. నీ దగ్గర వేళ్లున్నాయి, పైగా మన డప్పు ఉంది. డప్పు ఎక్కడ పడాలో, ఎక్కడ ఖాళీ వదలాలో నీకు తెలియదా?

కాలర్: తెలుసు సార్. (కీబోర్డు శబ్దం) టెంపో ఎంత పెట్టమంటారు?

మాస్టారు: నిమిషానికి వంద దెబ్బల దగ్గర మొదలుపెట్టు... ఆగాగు, బేస్ మరీ దట్టంగా ఉంది, నాలుగు నోట్లు తీసెయ్.