ఇంటి దగ్గర సూది వేసేదెవరు?

(ఒంగోలులో నర్సుల దినోత్సవం నాడు ఒక విశ్రాంత హెడ్ నర్సు విద్యార్థినులతో మాట్లాడిన పాఠం)

వేదిక మీది పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, పిల్లలందరికీ నమస్కారం. దీపం వెలిగించారు, దండలు వేశారు. 1820 మే 12న ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టిన సంగతి నాకన్నా ముందు మాట్లాడిన నలుగురూ చెప్పారు. అందుకని ఆ పేజీ తిప్పేస్తున్నాను. 'సంరక్షణలో సమన్వయం' అని నాలుగు పేజీలు రాసుకొచ్చాను గానీ, ఎంతవరకు చదువుతానో చూద్దాం.

డ్యూటీ మారేటప్పుడు రిపోర్టు ఇస్తాం కదా. దాన్ని టేబుల్ దగ్గర కేస్ షీటు చూసి అప్పజెప్పకండి. మంచం పక్కన నిలబడి, రోగి వింటుండగా ఇవ్వండి. "రాత్రి రెండుసార్లు వాంతి అయింది, అది చెప్పలేదేమమ్మా?" అని ఆయనే అందుకుంటాడు. నన్ను అలా చాలామంది దిద్దారు.

ఈ కాగితాలు పక్కన పెడతాను. చాలా ఏళ్ల కిందట పొదిలి వైపు నుంచి ఒక పొగాకు రైతు మా వార్డులో చేరాడు. షుగరు, కాలికి పుండు. డిశ్చార్జి రోజు పూటకు 12 యూనిట్ల ఇన్సులిన్ రాశారు. పెద్ద కొడుక్కి అన్నీ చెప్పాను. "అర్థమైందా బాబూ?" అన్నాను. "అర్థమైంది సిస్టర్" అన్నాడు. సంతకం పెట్టించుకున్నాను, నా పని అయిపోయింది.

రెండు రోజులు తిరగకుండానే, వేకువజామున, 108లో అదే రైతు. ఒళ్లంతా చెమట, స్పృహ లేదు.

కొడుకు మర్నాడే హైదరాబాదు బస్సెక్కాడు. సూది వేసింది కోడలు. సీసాలో మందు మిల్లీలీటరుకు 100 యూనిట్లది. ఇంట్లో ఉన్నవి ఎర్ర మూత సిరంజిలు, 40 యూనిట్ల మందుకు వాడేవి. వాటిలో 12 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 30 యూనిట్లు. ఆ అమ్మాయి గీత సరిగ్గానే చూసింది పాపం. గ్లూకోజు ఎక్కించాక ఆయన కళ్లు తెరిచాడు. కోడలు నన్ను ఒక్క మాట తిట్టలేదు. "మీరు చెప్పేటప్పుడు నన్నెందుకు పిలవలేదమ్మా? గేటు బయటే కూర్చున్నాను కదా" అంది.

గేటు బయట! రౌండ్స్ అనగానే ఇంటివాళ్లను బయటికి తోలేది మనం. చివరి రోజు ఎదురుపడినవాడికి గబగబా అప్పజెప్పేదీ మనమే. వాచ్‌మన్ ఈల ఇప్పటికీ నా చెవుల్లో మోగుతుంది.

కనిగిరి, పామూరు నుంచి కిడ్నీ రోగులు వస్తారు. చూడటానికొచ్చిన మేనత్త చేతిలో కొబ్బరి బొండాం ఉంటుంది. అందులోని పొటాషియం పాడైన కిడ్నీ బయటికి పంపలేదని, గుండెకే ముప్పని రోగికి ఒక్కడికే చెబితే ఏం లాభం? అత్త నొచ్చుకుంటుందని తాగేస్తాడు. ఆ అత్తకే చెప్పండి. మరునాటి నుంచి మీకన్నా గట్టిగా ఆవిడే కాపలా కాస్తుంది.

ఎక్కడున్నాను? ఆ, సిరంజి. ఆ రోజు నుంచి "అర్థమైందా" అని అడగడం మానేశాను. "ఇంటి దగ్గర సూది వేసేదెవరు?" అని అడిగి, ఆ మనిషినే పిలిపించుకునేదాన్ని. "ఏదీ, మందు లాగి చూపించమ్మా" అనేదాన్ని. అంత తీరిక ఎక్కడుంది మేడం అంటారు. ఒక్క నర్సు మీద ఎన్ని మంచాలుంటాయో నాకు తెలియదా? ఖాళీలు నింపమని అడగాల్సిందే, వేదిక మీదివారూ కాస్త వినండి. కానీ ఆ వేకువజామున నాకు పట్టిన సమయంతో పోలిస్తే ఈ ఐదు నిమిషాలు ఎంత?

రెండో వరుసలో అమ్మాయీ, లేచి నిలబడు. ఎర్ర మూత సిరంజి ఏ మందుకు? తల ఊపడం కాదు, నోటితో చెప్పు.