ముందు నీడ చూడండి, తర్వాత ఇల్లు

అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో మనవాళ్ళు కొందరు కాలిఫోర్నియా ఎడారిలో ఉన్న పామ్ స్ప్రింగ్స్ ఊరికి వెళ్దామనుకుంటున్నారట, అక్కడ 1940ల నుంచి 60ల దాకా కట్టిన మోడర్న్ శైలి ఇళ్ళ గురించి కాసేపు మాట్లాడమన్నారు. నేను ఆర్కిటెక్ట్‌ని కాదండి. లాస్ ఏంజెలెస్ నుంచి రెండు గంటల దారి కదా, వీలు దొరికినప్పుడల్లా వెళ్ళి ఆ వీధుల్లో నడిచి వస్తుంటాను, అంతే. నాకు ఇళ్ళ పిచ్చి.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక వ్యాన్ టూరు ఎక్కాను. ప్రతి గేటు దగ్గరా వ్యాన్ నెమ్మదించేది, ఈ ఇంట్లో ఫలానా హీరో ఉండేవాడు, ఆ ఇంట్లో ఫలానా ఆవిడ పార్టీలిచ్చేది అని గైడు చెప్పేవాడు, మళ్ళీ కదిలేది. ఒక్కచోట కూడా దింపలేదు. ఆ ఇల్లు ఎవరు గీశారు, ఆ కప్పు అలా ఎందుకు పైకి లేచింది, కిటికీ ఒక వైపే ఎందుకుంది, ఒక్క ముక్క లేదు. చాలా బాధేసింది, ఎందుకంటే ఆ ఊళ్ళో చూడాల్సింది సరిగ్గా అదే. అందుకే మీకు చెప్పేది ఒకటే: ఏ ఇంటి ముందు నిలబడినా ముందు నీడ ఎక్కడ పడుతోందో చూడండి, తర్వాత ఇల్లు చూడండి.

ఎందుకంటే అది ఎడారి. 2024 జూలై 5న అక్కడ 124 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైంది, అంటే మన లెక్కలో 51 డిగ్రీలు. రెంటచింతల ఎండ తెలిసినవాళ్ళకి కూడా అది ఊహకందదు. పడమటి వైపు శాన్ హసింటో కొండ పదివేల అడుగులు దాటి ఒక్కసారిగా లేస్తుంది, ఉత్తరాన కనుమలోంచి ఇసుకతో కలిసి గాలి కొడుతుంది. యుద్ధం అయిపోయాక, అంటే 1945 తర్వాత, డబ్బున్న వాళ్ళు చలికాలం గడపడానికి ఇక్కడ జోరుగా ఇళ్ళు కట్టుకున్నారు. స్టీలు, అల్యూమినియం, పెద్ద పెద్ద గాజు పలకలు చేతికొచ్చాయి. ఎండ, గాలి, కొండ, గాజు, ఈ నాలుగింటినీ ఎలా కుదర్చాలన్నదే అక్కడి ఆర్కిటెక్టుల ముందున్న లెక్క.

1946లో ఆర్కిటెక్ట్ రిచర్డ్ నోయిట్రా కట్టిన కాఫ్‌మన్ హౌస్ తీసుకోండి. కాఫ్‌మన్ పిట్స్‌బర్గ్‌లో పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ యజమాని, అంతకు ముందు ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే పేరున్న ఆర్కిటెక్ట్ చేత జలపాతం మీద ఇల్లు కట్టించుకున్నదీ ఆయనే. ఈ ఎడారి ఇంట్లో నాకు నచ్చేవి నిలువుగా నిలబెట్టిన అల్యూమినియం రెక్కలు. వాటిని తిప్పుకోవచ్చు. గాలి వస్తే మూయాలి, ఎండ వాలితే కాస్త వంచాలి. మన ఇళ్ళలో ఎండాకాలం వసారాకి వట్టివేళ్ళ తడికలు కట్టేవాళ్ళు కదా, పని అదే. 1990లలో కొత్త యజమానులు ఈ ఇంటిని బాగుచేయించినప్పుడు, గోడ రాయి సరిగ్గా కలవాలని యూటాలో ఎప్పుడో మూసేసిన రాతి క్వారీని మళ్ళీ తెరిపించారు. అంత శ్రద్ధ. కాకపోతే అది ఎవరో ఉండే ఇల్లు, మామూలుగా లోపలికి రానివ్వరు. రోడ్డు మీద నుంచే చూడాలి, దయచేసి గేటు దాటకండి.

గాయకుడు ఫ్రాంక్ సినాట్రా ఇంటి గురించి ఎలాగూ అందరూ చెబుతారు, 1947లో స్టువర్ట్ విలియమ్స్ కట్టాడు, ఈతకొలను పియానో ఆకారంలో ఉంటుంది. ఎవరైనా లోపలికి తీసుకెళ్తే కొలను పక్కన నడవ కప్పుకి వదిలిన సందులు చూడండి, ఎండ పడినప్పుడు వాటి నీడలు కింద పియానో మీటల్లా పరుచుకుంటాయి.

ఇక నాకు ప్రాణమైన ఇల్లు ఆర్కిటెక్ట్ ఆల్బర్ట్ ఫ్రే సొంతిల్లు, ఫ్రే హౌస్ 2. ఈయన స్విట్జర్లాండ్ వాడు, పారిస్‌లో లె కార్బూజియే దగ్గర పనిచేశాడు, అవును, మన చండీగఢ్ గీసిన ఆయనే. పామ్ స్ప్రింగ్స్ ఆర్ట్ మ్యూజియం వెనకాల కొండ మీద, ఊరికి 220 అడుగుల ఎత్తులో ఉంటుంది. ఇల్లు మొదలుపెట్టే ముందు ఫ్రే ఆ కొండ మీద గడ పాతి ఎండ ఏ నెలలో ఎటు నుంచి పడుతుందో ఏడాదిపాటు గమనించాడు. 1964లో పూర్తయిన ఇల్లు దాదాపు 800 చదరపు అడుగులు, అంటే మన డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కంటే చిన్నది. ఆ ఇంట్లోకి ఒక పెద్ద బండ చొచ్చుకొచ్చి ఉంటుంది! దాన్ని పగలగొట్టలేదు. సగం బయట, సగం లోపల, లోపలి సగమే మంచానికీ కూర్చునే చోటుకీ మధ్య అడ్డు. గాజు పలకని బండ ఎగుడుదిగుళ్ళ వెంటే కోసి అతికించారు, నేను వంగి చూశాను, రాయి ఎక్కడ లోపలికి నొక్కుకుందో గాజు అక్కడ ముందుకొచ్చింది. ఆ రాయికే ఒక లైటు స్విచ్చి. కర్టెన్లు పసుపు రంగు, వసంతంలో ఆ కొండ నిండా పూసే ఎన్సీలియా పూల రంగు అది. లోకప్పు ఆకాశం నీలం. దక్షిణం వైపు చూరు ఎంత ముందుకు రావాలో లెక్కగట్టి పెట్టాడు: వేసవి ఎండ ఆగిపోవాలి, చలికాలం ఎండ లోపలికి రావాలి. 1998లో చనిపోయే వరకూ అక్కడే ఉన్నాడు, ఇంటిని మ్యూజియానికి రాసిచ్చాడు. మ్యూజియం వాళ్ళు కొద్దిమందినే తీసుకెళ్తారు కాబట్టి ముందే టికెట్ చూసుకోండి. ఈ ఒక్కటీ చూసి వచ్చేసినా నేనేమీ అనను.

అయితే అందరూ కట్టుకున్నవి ఇలాంటివి కాదు కదా. మధ్యతరగతి వాళ్ళు కొనుక్కున్న ఇళ్ళు చూడాలంటే ట్విన్ పామ్స్ పేటకి వెళ్ళండి. జార్జ్, రాబర్ట్ అలెగ్జాండర్ అనే తండ్రీకొడుకులు పదేళ్ళలో రెండు వేలకు పైగా ఇళ్ళు కట్టారు, 1965లో ఇద్దరూ విమాన ప్రమాదంలో పోయారు. వాళ్ళ ఆర్కిటెక్టు విలియం క్రిసెల్ చేసిన పని నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఇంటి ప్లాన్ ఒకటే, 40 అడుగులకి 40 అడుగుల చదరం. దాన్నే ఒకచోట ఇటు తిప్పి, ఒకచోట అటు తిప్పి, రోడ్డుకి ముందుకీ వెనక్కీ జరిపి, ఒకదానికి చదును కప్పు, ఒకదానికి రెక్కలెత్తిన సీతాకోకచిలుక కప్పు పెట్టాడు. వీధి చివర నిలబడి చూడండి, ఏ రెండు ఇళ్ళూ ఒకేలా ఉండవు. ఆ రెక్కల కింద గోడకీ కప్పుకీ మధ్య గాజు పట్టీ ఉంటుంది, సోఫాలో కూర్చున్నా కొండ కనిపించేది దాంట్లోంచే. ముందు గోడలకి సిమెంటు జాలీలు. విజయవాడ, గుంటూరు పాత డాబాల్లో మెట్ల దగ్గరా పిట్టగోడలకీ ఉండేవే! పొద్దున తొమ్మిదింటికి వాటి నీడలు గచ్చు మీద ముగ్గు వేసినట్టు పడతాయి. ఆ వేళకి అక్కడ ఉండేలా చూసుకోండి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇవన్నీ చలికాలపు ఇళ్ళు. ఇంత గాజు పెట్టుకుని ఏసీ లేకుండా జూలైలో ఉండటం కుదరదు. నీడ లెక్క గొప్పదే, కానీ 50 డిగ్రీల్లో ఒక్క చూరుతో ఏమవుతుంది?

ఇంకొకటి, దీన్ని టూర్లలో హడావుడిగా దాటేస్తారు. ఊరి నడిబొడ్డున సెక్షన్ 14 అని ఒక చదరపు మైలు నేల ఉంది, అది అగ్వా కాలియెంటే కహుయా అనే అమెరికా ఆదివాసీ తెగవారిది. 1959లో చట్టం మార్చి అలాంటి భూముల్ని 99 ఏళ్ళకి లీజుకివ్వచ్చన్నాక ఆ నేలకి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. అక్కడ అద్దెకున్న నల్లజాతి, లాటినో కుటుంబాల్ని వెళ్ళగొట్టి, ఇళ్ళు కూల్చి తగలబెట్టారు. హోటళ్ళలో, తోటల్లో, ఇళ్ళ కట్టుబడుల్లో పనిచేసింది వాళ్ళే. నగరం 2021లో క్షమాపణ చెప్పింది, 2024లో 59 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ ఇళ్ళల్లో ఒక్కటీ మనం చూడ్డానికి మిగల్లేదు. కాఫ్‌మన్ హౌస్ చూసిన రోజే సెక్షన్ 14 మీదుగా కూడా నడవండి. నేను ప్రతిసారీ నడుస్తాను.

ఈ ఇళ్ళ కోసమే జరిపే పండగ మోడర్నిజం వీక్ 2006లో మొదలైంది, ఏటా ఫిబ్రవరిలో పదకొండు రోజులు. మామూలుగా తలుపు తెరవని ఇళ్ళు కూడా అప్పుడు తెరుస్తారు, టికెట్లు త్వరగా అయిపోతాయి. డబుల్ డెక్కర్ బస్సు కంటే నడక టూరు మంచిది. ఆ నెలలో కొండ పక్క పేటల్లో సాయంత్రం కాకముందే సూర్యుడు కొండ వెనక్కి వెళ్ళిపోతాడు, వీధంతా ఒక్కసారి చల్లబడిపోతుంది, ఆ తర్వాత చూడ్డానికి నీడ ఉండదు. కాబట్టి బస్సు ఇక్కణ్ణించి పొద్దున ఆరింటికే బయల్దేరాలి. ఇక మీరు అడగండి.